హుసేనప్ప చదివిన ఆట

ఆదోనిలో, జిన్నింగ్ మిల్లు వెనక సందులో
రేకుల కొట్టం. గంటకు ఐదు రూపాయలు.
ఊరికే చూసేవాళ్లకు అర్ధరూపాయి.
ఆడపిల్లనని నాకు అదీ లేదు,
తలుపు పక్కన గోనెపట్ట మీద కూర్చోవాలి, అంతే.

గాలిలో ఎప్పుడూ దూది.
టీవీ అద్దం దాన్ని తనవైపు లాక్కునేది.
ఆటకోసారి హుసేనప్ప లుంగీ కొసతో తుడిస్తే
నూగు కింద నుంచి
ఒక రాజ్యం బయటపడేది.

ఆ టీవీకి గొంతు లేదు. స్పీకరు ఎప్పుడో కాలిపోయింది.
గోడకు వాళ్ల నాయన దూదేకిన విల్లు వేలాడేది.
తెర మీద కత్తి తగిలిన ప్రతిసారీ
హుసేనప్ప చెయ్యి చాచి నారి మీటేవాడు.
ఝుమ్మని రేకులన్నీ అదిరేవి.
ఫోము పరుపులొచ్చి పని పోయిన విల్లుకు
అది రెండో బతుకు.

క్యాసెట్టు ఏ దేశానిదో.
తెర అడుగున పెట్టెలో చీమలబారులా అక్షరాలు.
మా సందులో ఎవరికీ రావు.
ఆయనకైతే తెలుగే కూడబలుక్కోవాలి.
అయినా చదివేవాడు,
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి,
వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి:

"ఈ పిలగాడు యాడికి పోతాండాడంటే,
కాలవ పైకి. నీళ్లు యాడ ఆగినాయో సూడనీకి.
ఆ ఇనప టోపీవోడు లస్కరు.
గేటు తాళం వాని మొలతాడుకే ఉంది.
కోటలో ఉండేది రాజుకూతురు గాదప్పా, వీళ్లక్క.
మిషన్లో చెయ్యి పోయింది.
అందుకే సూడు, ఒక పక్కకే నిలబడుంటాది."

చూశాం.
నిజంగానే ఒక పక్కకే నిలబడి ఉంది.

హమాలీ మునెయ్య కొడుకు సుంకన్న చేతిలో జాయ్‌స్టిక్కు.
పదకొండు మందిమి ఆ ఒక్క పిలగాడి కాళ్లతో నడిచాం.
లస్కరు చేతిలో చచ్చినప్పుడల్లా
మొదటి బావి నుంచి మళ్లీ మొదలు.
నడిచిన దూరం దాచుకునే వీలు ఆ క్యాసెట్టుకు లేదు.
సుంకన్న అప్పు రాయించుకుని ఆడేవాడు.

సాయంత్రం ఆరుకి కరెంటు పోయేది,
సరిగ్గా గేటు ముందు.
ఎవరూ లేచేవాళ్లు కాదు.
చీకట్లో హుసేనప్ప అక్కణ్ణించే అందుకునేవాడు,
"ఇప్పుడేం జెయ్యల్ల? సెప్పండి."
ఎడమకు పొమ్మని ఒకడు. తాళం దొంగిలించమని ఒకడు.
లస్కరుకు ఆకలేస్తుందేమో అడుగు, అన్నాను నేను.
కొట్టంలో ఎవరూ నవ్వలేదు.
విల్లు ఒక్కసారి, మెల్లగా, మోగింది.

ఆ రాత్రి లస్కరు మా దగ్గర సద్దరొట్టె తిన్నాడు.
కరెంటు వచ్చాక మళ్లీ మమ్మల్ని చంపాడు.

దారిలో ఒక గుడిసె ఉండేది, గుడిసె ముందు ముసలామె.
ఆమె పెట్టెలో చీమలు లేవు,
మూడే మూడు చుక్కలు.
అక్కడ మాత్రం ఆయన వేలు తీసేసేవాడు.
"ఈమె ఏం మాట్లాడల్యా.
రోంతసేపు నిలబడు సుంకన్నా."
గంటకు ఐదు రూపాయలైనా
సుంకన్న నిలబడేవాడు.

మొన్న, ముప్పై ఏళ్లకు, అదే ఆట కనబడింది.
ఎవరో ఓపికగా ఇంగ్లీషులోకి మార్చి పెట్టారు.
రాత్రి మూడు దాకా కూర్చున్నాను.
కాలవ లేదు. మేం కాలవ అనుకున్నది పడుకున్న పాము.
లస్కరు ఏదో చీకటి లోకానికి దొర.
అక్క అక్క కాదు, కిరీటం పోయిన రాకుమారి.
ఆ చెయ్యి గీయడం మరిచిపోయారేమో,
దాని మాటే ఎవరూ ఎత్తలేదు.
ప్రతి పెట్టెలోనూ శాపం, మణి, ఖడ్గం, మళ్లీ శాపం.
లెక్కల పుస్తకం చివర జవాబుల్లా చదువుకుంటూ పోయాను.
ఒక్క ముక్కా హుసేనప్పది కాదు.

గుడిసె వచ్చింది.
ముసలామె ముందు ఆగి బటన్ నొక్కాను.
మూడు చుక్కలు.
మార్చడానికి ఏమీ లేక అట్లే వదిలేశారు.

ఇదొక్కటీ ఆయన
పొల్లు పోకుండా చదివాడు.

లస్కరుకు పెట్టడానికి సంచిలో రొట్టె వెతికాను.
లేదు. కత్తే ఉంది.
గేటు దాకా పోబుద్ధి కాలేదు.
గుడిసె ముందే నిలబడ్డాను, రోంతసేపు.
తెర శుభ్రంగానే ఉంది,
అయినా చున్నీ కొసతో
ఒకసారి తుడిచాను.